వయ్యారిభామను మేసే చారల పురుగు

ఆరుద్ర కార్తెలో నాలుగు వానలు పడితే చాలు, సోలాపూర్ తూర్పు భాగంలో ఖాళీగా ఉన్న స్థలాలన్నీ ఒకే మొక్కతో నిండిపోతాయి. అశోక్ చౌక్ సందులలోనైనా, నీలం నగర్ కార్ఖానాల ప్రహరీల వెంటనైనా, అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామిక వాడలోనైనా, కుంభారి వైపు బీడీ కార్మికుల ఇండ్ల చుట్టుపక్కలనైనా, రైలు కట్ట పక్కనైనా, మనుషులు సాగుచేయని నేల కనబడితే అక్కడ అది మొలుస్తుంది. ఆకులు గాజరు ఆకులవలె చీలికలు చీలికలుగా ఉంటాయి. మోకాలి ఎత్తుకు రాగానే కొమ్మల చివర చిన్న చిన్న తెల్లని పూలు వస్తాయి. మరాఠీ ఇరుగుపొరుగు వారు దీనిని గాజర్ గవత్ అంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాలనుండి మగ్గం పనికై వచ్చిన మన పెద్దల ఊళ్ళలో దీని పేరు వయ్యారిభామ. ఇంత చెడ్డ మొక్కకు అంత సొగసైన పేరు ఎవరు పెట్టారో గాని, గాలికి ఊగే దాని తీరు చూసినవారు ఆ పేరును కాదనలేరు. శాస్త్రనామం పార్థీనియం హిస్టెరోఫోరస్.

ఈ పాఠం ఆ మొక్కను గురించి కొంత, ఆ మొక్కను తిని బతికే ఒక చిన్న పెంకుపురుగును గురించి ఎక్కువ. వానాకాలంలో వయ్యారిభామ ఆకుల మీద, పాలిపోయిన పసుపురంగు వీపు మీద ముదురు గోధుమ చారలు గల పురుగు కనబడుతుంది. పంటను పాడుచేసే పురుగుగా భావించి దానిని చెప్పుతో నలిపివేసేవారు ఉన్నారు, ఇంటిలోకి వస్తుందేమోనని మందు కొట్టేవారూ ఉన్నారు. ఆ పురుగు మనకు మేలు చేయడానికే ఈ దేశానికి తేబడింది. అయితే అది చేయగల పని ఎంత, చేయలేని పని ఎంత అన్నది తెలియకపోతే దాని వలన కలిగే మేలు సగమే మనకు దక్కుతుంది.

మొక్క చేసే హాని

వయ్యారిభామ ఆకుల మీద, కాండం మీద సన్నని నూగు ఉంటుంది. ఆ నూగులోను, పూలలోను పార్థీనిన్ అనే విషపదార్థం ఉన్నది. ఇది పదే పదే చర్మానికి తగిలితే కొందరికి దురద, ఎర్రదనం, పొక్కులు వచ్చి, క్రమంగా చర్మం మందమై నల్లబడుతుంది. ఒంటికి ఒకసారి పడకపోవడం మొదలైన తరువాత ఆ గుణం మరల పోవడం అరుదు. అప్పటినుండి మొక్క కొద్దిగా తగిలినా బాధ తిరగబెడుతుంది. ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు, అంటే బట్ట కప్పని భాగాలు, ముందుగా దెబ్బతింటాయి. ఎండిన మొక్క పొడి గాలిలో ఎగిరి వచ్చి తగులుతుంది కాబట్టి, మొక్కను చేతితో ఎన్నడూ ముట్టని వారికి కూడ ఈ వ్యాధి రావచ్చు. గేదెలు, మేకలు గత్యంతరం లేక దీనిని మేస్తే పాలు చేదవుతాయి.

పుప్పొడి వలన తుమ్ములు, ముక్కు కారడం, ఆయాసం కలుగుతాయి. ఇక్కడ నేతవాడలలో ప్రత్యేకంగా ఒక చిక్కు ఉన్నది. దూది ధూళి మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన కుటుంబాలకు దగ్గు కొత్త కాదు. అందువలన శ్రావణ, భాద్రపద మాసాలలో పెరిగిన ఆయాసాన్ని కూడ కార్ఖానా దగ్గు కిందనే జమకట్టి ఊరుకుంటారు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవచ్చు. దూది ధూళి వలన వచ్చే ఛాతీ బిగుతు, వారపు సెలవు గడిచి మరల పనిలో దిగిన మొదటి రోజున ఎక్కువగా ఉండడం దాని లక్షణం. దానికి ఋతువుతో పెద్ద సంబంధం లేదు. పుప్పొడి వలన వచ్చేది మొక్కలు పూచే నెలలలో పెరుగుతుంది, కళ్ళ దురదతోను తుమ్ములతోను కలసి వస్తుంది, కార్ఖానా గడప తొక్కని పిల్లలకు కూడ వస్తుంది. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు బాధ ఏ నెలలో, వారంలో ఏ రోజున ఎక్కువవుతున్నదో చెప్పగలిగితే రోగనిర్ణయానికి అది ఎంతో సహాయపడుతుంది. దగ్గు మందు మాత్రమే తీసుకొని వచ్చి, కిటికీ కింద పూచిన మొక్కలను అట్లే ఉండనిస్తే ఫలితం ఉండదు.

మహారాష్ట్రలో మొదలైన కథ

ఈ మొక్క పుట్టినిల్లు మెక్సికో సింధుశాఖ చుట్టుపట్ల ఉన్న ఉష్ణ అమెరికా. మన దేశంలో దాని విస్తరణ కథ మహారాష్ట్రలోనే మొదలవుతుంది. 1955లో పూణేలో చెత్తకుప్పల వద్ద వృక్షశాస్త్రజ్ఞుల కంట పడింది. మరుసటి ఏడాది ఆర్.ఎస్. రావు దానిని శాస్త్రలోకానికి తెలియజేశారు. అమెరికా నుండి దిగుమతి అయిన గోధుమలలో విత్తులు కలసి వచ్చాయన్నది లోకంలో స్థిరపడిన మాట. రేషను గోధుమలు తిన్న తరం పెద్దలు ఈ మాటను ఇప్పటికీ చెబుతారు. ఆ మాటలో నిజం ఉండవచ్చు. కాని అందరూ పేర్కొనే పి.ఎల్. 480 ఒప్పందం కుదిరినది 1956లో. మొక్క కనబడినది దానికి ముందు ఏడాది. అంతకు ముందే వచ్చిన గోధుమ ఓడలతో వచ్చిందని చెప్పడం కొంత సబబు. పంతొమ్మిదవ శతాబ్దపు వృక్షశాస్త్ర రచనలలోనే భారతదేశానికి సంబంధించి ఈ మొక్క ప్రస్తావన ఉన్నదని కూడ పరిశోధకులు చూపారు. ఎట్లా వచ్చినా, పూణే నుండి దేశమంతటికీ వ్యాపించడానికి దానికి రెండు మూడు దశాబ్దాలు సరిపోయాయి.

అంత వేగం ఎందుకు సాధ్యమైనదంటే, ఒక్క మొక్క 15,000 నుండి 25,000 వరకు విత్తులు రాల్చగలదు. విత్తు ఆవగింజకంటె చిన్నది. లారీ చక్రాల బురదలో, మురుగు కాలువ నీటిలో, ఇల్లు కట్టడానికి దించిన ఇసుకలో, గేదె కాళ్ళకు అంటిన మట్టిలో అది ప్రయాణం చేస్తుంది. మొలచిన నాలుగు నుండి ఆరు వారాలకే పూత పట్టగలదు. కొన్ని విత్తులు మట్టిలో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. తన చుట్టూ ఇతర మొక్కల మొలకను అణచే రసాయనాలను కూడ ఇది నేలలోకి వదులుతుంది. వీటన్నిటికంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. పుట్టినచోట దీనిని తినే పురుగులు, పీడించే బూజులు అనేకం ఉన్నాయి. అవేవీ దానితో ఓడ ఎక్కలేదు. మన దేశపు కీటకాలకు ఈ మొక్క రుచి తెలియదు, మేకకు చేదు. శత్రువు లేని మొక్కను మనిషి ఒక్కడు పీకి పీకి అలసిపోవలసి వచ్చింది.

రంగుకోసం తెచ్చిన పురుగు

శత్రువును పుట్టింటి నుండి పిలిపించాలన్న ఆలోచన కొత్తది కాదు. అది మన దేశంలో మొదటిసారి అద్దకపు రంగు ఆశతో, అనుకోకుండా జరిగింది. ఎర్రరంగు నిచ్చే కాచినీల్ అనే చిన్న పురుగు నాగజెముడు మీద బతుకుతుంది. మెక్సికోలో ఆ పురుగులను ఎండబెట్టి అమ్మి స్పెయిన్ దేశస్థులు అపారమైన లాభం గడించారు. పట్టుకు, ఉన్నికి ఆ ఎరుపు పట్టినంత అందంగా మరేదీ పట్టేది కాదు. ఆ వ్యాపారాన్ని ఇక్కడ పెంచుకోవాలని ఈస్టిండియా కంపెనీ ఆశించింది. 1795లో బ్రెజిల్ నుండి బెంగాలుకు పురుగు వచ్చింది. అయితే వచ్చినది అసలు కాచినీల్ కాదు, దాని దాయాది. దాని రంగు నాసిరకం. అద్దకపు ఆశ అడుగంటింది.

కాని ఆ దాయాది పురుగు, అప్పటికే దేశంలో కంచెలు దాటి పొలాలలోకి పాకిన ఒక రకపు నాగజెముడును తిని ఎండగట్టింది. అది గమనించినవారు 1836 – 1838 మధ్య దానిని దక్షిణ భారతానికి తెచ్చి వదిలారు. అక్కడ కూడ అదే ఫలితం కలిగింది. కలుపు మొక్కను కీటకంతో అణచిన తొలి ఉదాహరణగా శాస్త్రగ్రంథాలు దీనినే పేర్కొంటాయి. మరొక రకపు నాగజెముడును మాత్రం ఆ పురుగు ముట్టలేదు. దానికి సరిపడే ఇంకొక దాయాదిని 1926లో సింహళం నుండి రప్పించవలసి వచ్చింది. ఏ మొక్కకు ఏ పురుగో తేల్చకుండా తెచ్చి లాభం లేదని శాస్త్రజ్ఞులు అప్పుడే గ్రహించారు. వయ్యారిభామ విషయంలో ఆ వెతుకులాట మరల మెక్సికోకే చేరింది.

బెంగళూరుకు వచ్చిన అతిథి

ఆ పురుగు పేరు జైగోగ్రామా బైకలరేటా. ఆకులను తినే పెంకుపురుగుల కుటుంబానికి చెందినది. 1953లో పాలిస్టర్ అనే కీటకశాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి పేరు పెట్టాడు. మన రైతులు దీనిని మెక్సికన్ పెంకుపురుగు అంటారు. వయ్యారిభామ మీదికి దీనిని ముందుగా ప్రయోగించినది ఆస్ట్రేలియా. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 1980లో విడుదల చేశారు. మూడేళ్ళ తరువాత, 1983లో, అది బెంగళూరుకు చేరింది. తెచ్చిన వెంటనే బయట వదలలేదు. తాళం వేసిన ప్రయోగశాలలో పెంచి, మన పంటమొక్కలను, పూలమొక్కలను ఒక్కొక్కటిగా దాని ముందు పెట్టి, ఏది తింటుందో, దేనిమీద గుడ్లు పెట్టి పిల్లలను పెంచగలదో చూశారు. కె.పి. జయంత్, సుధా నాగర్‌కట్టి మొదలైన శాస్త్రజ్ఞులు చేసిన ఆ పరీక్షలలో అది వయ్యారిభామ మీదనే వంశం నిలుపుకోగలదని తేలింది. ఆపైన 1984లో విడుదల. పని కోసం పిలిపించిన ఈ వలస కార్మికునికి ప్రభుత్వం చేసినంత విచారణ మనలో ఎవరికీ జరిగి ఉండదు.

మొదటి ఏళ్ళలో పెద్దగా ఫలితం కనబడలేదు. పురుగుల సంఖ్య లోలోపల పెరిగి, 1988 నాటికి బెంగళూరు పరిసరాలలో వయ్యారిభామ మొక్కలు ఆకులేని పుల్లలుగా మారడం జనుల కంటపడింది. అక్కడనుండి అది తనంతట తాను, కొంత వ్యవసాయ సంస్థల చేతుల మీదుగా, అనేక రాష్ట్రాలకు పాకింది. ఎవరూ విడుదల చేయని పాకిస్తాన్, నేపాల్ దేశాలలో కూడ తరువాత కనబడింది. దక్షిణాఫ్రికా 2013లో దీనిని కోరి విడుదల చేసింది.

ఈ పురుగును గుర్తించడం నేతవారికి సులభం. పొడవు ఇంచుమించు 6 మిల్లీమీటర్లు. బియ్యపు గింజ అంత, కాని గుండ్రని వీపు. తల, మెడ భాగం గోధుమరంగు. రెక్కలను కప్పిన పెంకు గంజిపెట్టిన కోరా నూలు రంగులో ఉండి, దాని మీద ముదురు గోధుమ చారలు వంకరలు తిరుగుతూ తలనుండి తోక వైపు, అనగా పడుగు దిశలో, సాగుతాయి. పడుగు అన్న మాటను గుర్తుంచుకోండి. ఎందుకంటే అదే కాలంలో పూల మీద మరొక పెంకుపురుగు కనబడుతుంది. అది దీనికంటె చాలా పెద్దది, నల్లనిది. దాని వీపు మీద నారింజరంగు పట్టీలు అడ్డంగా, పేక దిశలో ఉంటాయి. దానిని నలిపితే కారే ద్రవం చర్మం మీద బొబ్బలు లేపుతుంది. పిల్లలకు చెప్పవలసినది ఇంతే: నిలువు చారల చిన్న పురుగును పట్టి చూడవచ్చు, అది కరవదు, అడ్డపట్టీల నల్ల పురుగును ముట్టరాదు. ఎర్రని వీపుపై నల్ల చుక్కలు గల అక్షింతల పురుగు వేరు; అది పేనుబంకను తింటుంది, అది కూడ మనకు మిత్రుడే.

తల్లి పురుగు ఆకు అడుగున పసుపురంగు గుడ్లు పెడుతుంది. తన జీవితకాలంలో అది రెండు వేలకు మించి గుడ్లు పెట్టగలదు. నాలుగు నుండి ఆరు రోజులలో పిల్ల పురుగులు వస్తాయి. ఇవి మెత్తగా, లేత పసుపు రంగులో, నడుము ఉబ్బెత్తుగా ఉంటాయి. మొదట కొమ్మల చివరి మొగ్గలను కొరుకుతాయి, పెరిగిన కొద్దీ ఆకులన్నిటినీ తింటాయి. పూత రావలసిన చోటనే మొదటి కాటు పడడం ఈ పురుగులో అతి విలువైన గుణం. పది పదిహేను రోజులు తిని, నేలకు దిగి మట్టిలో గూడు కట్టుకొని, మరో తొమ్మిది నుండి పన్నెండు రోజులలో పెద్ద పురుగుగా బయటికి వస్తాయి. అంతా కలసి నెల రోజుల లోపు వ్యవహారం. అందుచేత ఒక వానాకాలంలోనే కొన్ని తరాలు వరుసగా నడుస్తాయి. ఒక తరం పదులలో ఉంటే దాని తరువాతిది వందలలో ఉంటుంది.

వానలు వెనుకబట్టి చలి మొదలయ్యేసరికి పెద్ద పురుగులు మట్టిలోకి దిగి కదలక మెదలక పడుకుంటాయి. తిండి లేదు, నీరు లేదు. ఎండాకాలం అంతా అట్లే గడిపి, మరుసటి ఏడు తొలకరి తడి తగలగానే లేస్తాయి. ఆరుద్ర పురుగును ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. నిన్నటి వరకు ఏమీ లేని ఎర్రనేల మీద వాన వెలిసిన ఉదయాన మఖమలు ముద్దలవలె అవి ఎట్లా నడుస్తాయో, ఈ చారల పురుగు కూడ అట్లాగే నేలనుండి పుట్టినట్లుగా వస్తుంది.

పొద్దుతిరుగుడు తగవు

తొంభయ్యవ దశకం ఆరంభంలో ఈ పురుగు మీద ఒక అభియోగం వచ్చింది. కర్ణాటకలో పొద్దుతిరుగుడు చేలలో దీనిని చూసిన రైతులు, విదేశీ పురుగు పంటను తింటున్నదని ఆందోళన చెందారు. పొద్దుతిరుగుడు, వయ్యారిభామ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు కాబట్టి అనుమానం నిరాధారమైనది కాదు. విడుదలలు నిలిపివేయబడ్డాయి, ప్రభుత్వం ఒక నిజనిర్ధారణ సంఘాన్ని నియమించింది. చేలు పరిశీలించి, మరల పరీక్షలు చేసి చూడగా ఒక సూక్ష్మమైన సంగతి బయటపడింది. గాలికి ఎగిరిన వయ్యారిభామ పుప్పొడి పొద్దుతిరుగుడు ఆకుల మీద పేరుకుంటే, ఆ వాసనకు మోసపోయి పురుగు ఆ ఆకును కొరుకుతున్నది. పుప్పొడి లేని ఆకు మీద దానికి ఆసక్తి లేదు, ఆ మొక్క మీద అది వంశాన్ని నిలుపుకోలేదు. పొద్దుతిరుగుడుకు ఇది చీడపురుగు కాదని తేల్చిన తరువాత ఆంక్షలు తొలగాయి.

ఈ సంగతిని కొంత విపులంగా చెప్పడానికి కారణం ఉన్నది. సోలాపూర్ నగరం దాటితే పొలాలే. మన వాడలలో చాలామందికి ఊళ్ళో ఎకరం అరెకరం భూమి కూడ ఉన్నది. పొద్దుతిరుగుడు ఆకు మీద రెండు చారల పురుగులు కనబడగానే మందు డబ్బా వెతకనక్కరలేదు. గట్టు మీద వయ్యారిభామ ఉన్నదేమో చూసి, దానిని పూతకు ముందే తీసివేస్తే చాలు. ఆ రైతుల భయాన్ని అజ్ఞానమని కొట్టివేయకుండా విడుదలలను ఆపి విచారణ జరిపించడం సరైన పనే అయినది. పరాయి దేశపు జీవిని తెచ్చి వదలడంలో తొందర ఎన్నడూ మంచిది కాదు. ఒకసారి వదలినదానిని వెనుకకు పిలువలేము.

పురుగు చేయలేని పని

చారల పురుగుకు తేమ కావాలి. సోలాపూర్ తక్కువ వాన గల ప్రాంతం; ఇక్కడ వానలలో పెద్ద భాగం తరచు సెప్టెంబరులో పడుతుంది. వయ్యారిభామ మాత్రం జూన్ మొదటి జల్లుకే మొలుస్తుంది. మట్టిలోని పురుగు లేచి, గుడ్లు పెట్టి, దాని రెండవ మూడవ తరం బలం పుంజుకునేసరికి ఆగస్టు వస్తుంది. ఆలోగా తొలకరి మొక్క పూచి విత్తు రాల్చివేస్తుంది. మురుగు కాలువ పక్కన, కుళాయి నీరు నిలిచే చోట చలికాలంలోను ఎండాకాలంలోను మొలచే మొక్కలకైతే అడ్డమే లేదు; అప్పుడు పురుగు నిద్రలో ఉంటుంది. పురుగు ఆకులన్నీ తినివేసిన మొక్క కూడ మంచి వాన పడితే మరల చిగురించవచ్చు. పురుగును వదిలాము, ఇక నిశ్చింత అనుకున్న ప్రతిచోటా నిరాశ కలిగినది ఇందువలననే.

కాబట్టి పని పంచుకోవాలి. ఇంటి ముందు, బడి చుట్టూ, అంగన్‌వాడి వద్ద, కార్ఖానా కిటికీల కింద ఉన్న మొక్కలను పురుగుకు వదలరాదు. వాటిని జూన్, జూలైలలో, మొగ్గ తొడగక ముందే, వాన పడి నేల మెత్తగా ఉన్న రోజున వేరుతో సహా పీకాలి. కొడవలితో కోస్తే మొదలునుండి మరల కొమ్మలు వస్తాయి. చేతికి తొడుగులు లేకపోతే మందమైన ప్లాస్టిక్ సంచులనైనా తొడుక్కోవాలి. నిండు చేతుల చొక్కా, ముక్కుకు బట్ట ఉండాలి. ఒంటికి పడనివారిని, ఆయాసం గలవారిని, పిల్లలను ఈ పనికి పంపరాదు. వీధి శుభ్రం చేసే కార్మికుల చేత వట్టి చేతులతో పీకించడం మన వాడలలో సాధారణంగా కనబడే దృశ్యం; ఆ చేతులకు కూడ చర్మమే ఉన్నదని మనం గుర్తుంచుకోవాలి. పూత రాని పచ్చి మొక్కలను గుంతలో పేడతో కలిపి మగ్గపెడితే ఎరువవుతుంది. పూచిన మొక్కలను మాత్రం విత్తు రాలకుండా సంచిలో కట్టాలి. తెరచిన బండిలో తీసుకుపోతే దారి పొడుగునా విత్తనాలు చల్లినట్లే. కుప్పవేసి కాల్చడం ఇండ్ల మధ్య తగదు. ఉప్పునీరు చల్లితే మొక్క చస్తుంది గాని నేల కూడ చెడుతుంది.

రైలు కట్టలు, మూతపడిన కార్ఖానాల ఆవరణలు, పెద్ద మైదానాలు, మనుషులు నిత్యం తిరగని స్థలాలు పురుగుకు వదలదగినవి. అక్కడ పురుగు లేకపోతే ఉన్నచోటనుండి తేవచ్చు. మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో కొన్ని వయ్యారిభామ రెమ్మలు వేసి, ఆకులను దులిపి పురుగులను పట్టి, అదే రోజు చల్లని వేళ కొత్తచోట వదలాలి. పది ఇరవై వదిలి ప్రయోజనం లేదు. కొన్ని వందలు ఒకేచోట వదలితే నిలదొక్కుకుంటాయి. ఆ స్థలంలో దోమల మందు, పురుగుల మందు చల్లకుండా చూడాలి. జబల్పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ప్రతి ఏడూ ఆగస్టు 16 నుండి 22 వరకు వయ్యారిభామ అవగాహన వారాన్ని జరుపుతుంది. శ్రావణ పౌర్ణమికి మన మార్కండేయ రథోత్సవం జరిగేది కూడ ఇంచుమించు ఆ రోజులలోనే. పురుగు పుష్కలంగా దొరకడం అప్పుడే మొదలవుతుంది కాబట్టి పట్టి తరలించడానికి ఆ వారం అనువైనది.

పీకిన చోట నేలను బోడిగా వదలివేస్తే వచ్చే వానకు అదే మొక్క వస్తుంది. దానితో పోటీపడి నిలువగల మొక్కలు మనకు బాగా తెలిసినవే: తగిరిస, వెంపలి, చంద్రకాంత, బంతి, తంగేడు. తగిరిస విత్తును అక్టోబరు, నవంబరులలో ఏరి ఉంచి, ఏప్రిల్, మే నెలలలో చల్లితే తొలకరికి వయ్యారిభామకంటె ముందే గుబురు కడుతుంది. తంగేడు నిదానంగా పెరుగుతుంది, కాని ఒకసారి నిలిచిందంటే కదలదు. బతుకమ్మ రోజులలో తంగేడు పూలకు, గునుగుకు ఊరి అంచుల దాకా వెళ్ళే మన ఆడపిల్లలు అప్పటికి నిండుగా పూచిన వయ్యారిభామ మధ్యనుండే నడచి వెళ్ళవలసి వస్తున్నది. సొసైటీ స్థలంలోనో, గుడి వెనుకనో ఒక వరుస తంగేడు నాటుకుంటే ఆ ప్రయాణం తప్పుతుంది.

పరిశీలన

బడి పిల్లలు, వారితో పాటు ఆసక్తి గల పెద్దలు, ఈ వానాకాలంలో ఒక చిన్న పని చేయవచ్చు. ఇంటికి కొంత దూరంలో ఉన్న ఒక ఖాళీ స్థలం ఎంచుకొని, తొలకరి నుండి వారానికొకసారి అదే చోటికి వెళ్ళి, మొదటి మొలక ఏనాడు కనబడినదో, మొదటి పూవు ఏనాడో, మొదటి చారల పురుగు ఏనాడో కాగితం మీద తేదీతో రాయండి. మొక్కలను ముట్టవద్దు, ఆకు అడుగు భాగాన్ని పుల్లతో ఎత్తి చూస్తే గుడ్లు కనబడతాయి. పూవుకు, పురుగుకు మధ్య ఎన్ని వారాల తేడా ఉన్నదో అక్టోబరు నాటికి మీ కాగితమే చెబుతుంది. మీ వాడలో మనుషులు ఎన్ని వారాలు ముందుగా పనిలోకి దిగాలో అదే లెక్క.

నవంబరు చివర మొక్కలు ఎండిన తరువాత పెద్దలు అదే చోట పై మట్టిని, వేళ్ళు దిగినంత లోతున, నెమ్మదిగా పెళ్ళగించి చూడవచ్చు. నిద్రిస్తున్న చారల పురుగులు దొరికితే మరల మట్టి కప్పి ఆ చోటికి గుర్తు పెట్టుకోండి. ఎండాకాలంలో అక్కడ ఇసుక లారీగాని, చెత్త బండిగాని దించకుండా స్థలం యజమానితో ముందే మాట్లాడి ఉంచవలసి ఉంటుంది.